పొద్దున్నే కడుపు నిండాలి

చేలో కళ్ళు తిరిగిన పొద్దు

అది మాఘమాసం. నాదెండ్ల దగ్గర మిరప చేలు ఎర్రగా పండాయి. కాయ కోతలు జోరుగా సాగుతున్నాయి.

పొద్దున ఆరు గంటలకే ఆటో వచ్చింది. ముఠాలో పన్నెండుమంది ఆడవాళ్ళు. అందరూ సర్దుకుని ఎక్కారు. చేతుల్లో క్యారేజీలు, నీళ్ళ సీసాలు.

పది గంటలయింది. ఎండ ఎక్కింది. మిరప ఘాటుకు ముక్కులు మండుతున్నాయి. ఒక సాలు కోసి రెండో సాలు పట్టారు.

ఉన్నట్టుండి చిన్నకోడలి చేతిలో బుట్ట జారిపోయింది. ఆమెకు కళ్ళు తిరిగాయి. మిరప చెట్ల మధ్యనే కూలబడింది.

అందరూ పరిగెత్తి వచ్చారు. ఆమెను వేపచెట్టు నీడకు చేర్చారు. పడుకోబెట్టారు. ముఖాన నీళ్ళు చల్లారు. కాసేపటికి కళ్ళు తెరిచింది. అప్పుడు మంచినీళ్ళు తాగించారు.

ముఠాలో పెద్దమ్మ అందరికన్నా పెద్దది. ఆమె పక్కన కూర్చుని అడిగింది.

"ఏమే అమ్మాయ్, పొద్దున ఏం తిన్నావు?"

"టీ తాగాను పెద్దమ్మా."

"తాగింది కాదే. తిన్నది ఏంది?"

"ఏమీ తినలేదు. వంట చేశాను. పిల్లలకు పెట్టాను. మామకు పెట్టాను. ఆయనకు క్యారేజీ కట్టాను. అంతలో ఆటో వచ్చి హారను కొట్టింది."

"మరి రాత్రి?"

"అందరూ తిన్నాక అడుగున కాస్త మిగిలింది. అది తిన్నాను."

పెద్దమ్మ ఇంకేమీ అనలేదు. చుట్టూ నిలబడ్డ వాళ్ళకేసి చూసింది.

"మీలో పొద్దున ఇంత తిని వచ్చినవాళ్ళు ఎందరు? చేతులెత్తండి."

నాలుగు చేతులు లేచాయి. మిగిలినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అక్కా, చెల్లీ! ఇట్టాంటిది మీ చేలో కూడా జరిగే ఉంటుంది. మీ ముఠాలో ఎన్ని చేతులు లేస్తాయి?

ఒక చిన్న లెక్క

మనం గంటలు లెక్కపెట్టటం నేర్చుకున్నాం కదా! ఈ లెక్క చేద్దాం.

చిన్నకోడలు రాత్రి 9 గంటలకు తిన్నది. మళ్ళీ చేలో మధ్యాహ్నం 1 గంటకు తింటుంది.

రాత్రి 9 నుంచి పొద్దున 9 వరకు 12 గంటలు.
పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు 4 గంటలు.
మొత్తం 16 గంటలు.

పదహారు గంటలు కడుపులో ఏమీ లేదు. ఈ పదహారు గంటలూ ఆమె పడుకుని లేదు. నాలుగింటికే లేచింది. నీళ్ళు పట్టింది. వాకిలి ఊడ్చింది. వంట చేసింది. ఏడు గంటలకు కోతకు దిగింది.

ఎడ్లకు మేత వెయ్యకుండా ఏ రైతూ అరక కట్టడు. డీజిలు పొయ్యకుండా ఎవరూ ట్రాక్టరు తీయరు. మన ఒంటికి మాత్రం మేత లేకుండానే పని చెబుతున్నాం.

రక్తం తక్కువ అంటే ఏంది?

మర్నాడు చిన్నకోడలు ప్రభుత్వ ఆసుపత్రికి పోయింది. పెద్దమ్మ తోడు పోయింది. నర్సమ్మ వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్ష చేసింది.

"నీకు 9 ఉంది. ఆడవాళ్ళకు 12 ఉండాలి. కడుపుతో ఉన్నవాళ్ళకు 11 అయినా ఉండాలి" అన్నది.

రక్తం ఎర్రగా ఉంటుంది. ఆ ఎర్రదనం ఇచ్చే దాని పేరు హిమోగ్లోబిన్. మనం పీల్చిన గాలిలోని ప్రాణవాయువును అది ఒళ్ళంతా మోసుకుపోతుంది. హిమోగ్లోబిన్ తయారు కావాలంటే ఇనుము కావాలి. ఇనుము తిండిలోనుంచి రావాలి. ఇనుము చాలకపోతే రక్తం పలచబడుతుంది. దీన్నే రక్తహీనత అంటారు.

అప్పుడు ఏమవుతుంది? మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంది. కాళ్ళు పీకుతాయి. కళ్ళు తిరుగుతాయి. కనురెప్ప లోపల, గోళ్ళు, నాలుక పాలిపోతాయి. కాన్పు సమయంలో ప్రాణం మీదికి రావచ్చు.

ఇది ఒక్క చిన్నకోడలి సంగతి కాదు. 2019 నుంచి 2021 వరకు దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. 15 ఏళ్ళ నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళ రక్తం పరీక్ష చేశారు. దేశంలో నూటికి 57 మందికి రక్తం తక్కువగా ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 59 మందికి తక్కువగా ఉంది. అంటే ఇద్దరు ఆడవాళ్ళు కలిసి పోతుంటే వాళ్ళలో ఒకరికి రక్తం తక్కువ అనుకోవచ్చు.

నర్సమ్మ ఐరన్ మాత్రలు ఇచ్చింది. "ఈ మాత్రలు మానకుండా వేసుకో. మాత్రలు తిండికి బదులు కాదు. పొద్దున్నే కడుపు నిండా తిని పనికి పో" అన్నది.

"ఏం తినాలి అమ్మా?" అని చిన్నకోడలు అడిగింది.

ఆ మాటకు జవాబు పెద్దమ్మ దగ్గర ఉంది.

మన జొన్న ఏమైపోయింది?

ఆ సాయంత్రం చదువుల కేంద్రంలో అందరూ కూడారు. పెద్దమ్మ చెప్పింది.

"మా చిన్నప్పుడు ఇక్కడ వరి అన్నం పండగనాడే. రోజూ జొన్న కూడే. పొద్దున్నే మా అమ్మ జొన్న రొట్టెలు తట్టేది. రొట్టెలో ఇంత గోంగూర పచ్చడో, పప్పో పెట్టి చేతికిచ్చేది. తింటూ చేలోకి పోయేవాళ్ళం. మధ్యాహ్నం దాకా ఆకలి మాట ఉండేది కాదు."

పెద్దమ్మ మాట నిజం. పల్నాడు మెట్ట సీమ. జొన్న వానల మీద పండుతుంది. శ్రీనాథ కవి ఆరువందల ఏళ్ళ కిందటివాడు. సన్నబియ్యం అలవాటైన ఆయన పల్నాడు వచ్చి, ఇక్కడ ఎటు చూసినా జొన్న కూడే అని చాటు పద్యాల్లో విసుక్కున్నాడని పేరు. కవిగారు విసుక్కుంటే విసుక్కున్నారు. ఆ జొన్న కూడే మన ముత్తాతలను నిలబెట్టింది.

తరవాత నాగార్జునసాగర్ కట్టారు. 1967 ఆగస్టులో సాగరు కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ కింద వరి వచ్చింది. పత్తి, మిరప పెరిగాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదవాడి కంచంలోకి తెల్లన్నం వచ్చింది. అది మంచిదే. ఆకలి తీరింది. కానీ జొన్న మెల్లమెల్లగా కంచంలోనుంచి పోయింది.

బియ్యం బాగా మరపడితే పైపొర పోతుంది. పైపొరతో బలం కూడా పోతుంది. వంద గ్రాముల తెల్ల బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. వంద గ్రాముల జొన్నల్లో దాదాపు 4 మిల్లీగ్రాములు ఉంటుంది. జొన్నల్లో పీచు కూడా ఎక్కువ. అందుకే జొన్న రొట్టె తింటే తొందరగా ఆకలి కాదు.

ఇప్పుడు ప్రపంచమంతా మళ్ళీ ఈ గింజల వైపు చూస్తున్నది. మన దేశం అడిగితే ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరాన్ని చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. జొన్న, సజ్జ, రాగి, కొర్ర అన్నీ చిరుధాన్యాలే.

అయితే ఒక్క జొన్నే తిన్నా చాలదు. పాత రోజుల్లో జొన్న కూడు తప్ప వేరే ఏమీ దొరకని పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగిలేది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ డాక్టర్లు ఈ జబ్బును పరిశోధించారు. అందుకే రొట్టెలో పప్పో, గుడ్డో, ఆకుకూరో ఉండాలి.

దూరదేశంలో మన లాంటి రొట్టె

పెద్దమ్మ చెబుతుంటే టీచరమ్మ నవ్వింది. తన ఫోనులో ఒక బొమ్మ తీసి చూపించింది. బొమ్మలో ఒక రొట్టె. దాన్ని మధ్యకు మడిచారు. లోపల గుడ్డు పొరటు, ఉడికిన చిక్కుడు గింజలు, టమాటా, మిరపకాయ ముక్కలు.

"ఇది యాడిది టీచరమ్మా? మన రొట్టె లాగే ఉందే!" అన్నది పెద్దమ్మ.

"ఇది మెక్సికో దేశపు వంట. దీని పేరు టాకో. వాళ్ళకు మొక్కజొన్న మనకు జొన్న లాంటిది. మొక్కజొన్నలను సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి రుబ్బుతారు. ఆ పిండితో రొట్టె చేస్తారు. సున్నపు నీళ్ళ వల్ల మొక్కజొన్నలోని బలం ఒంటికి బాగా పడుతుంది. ఆ రొట్టెలో కూర పెట్టి, మడిచి తింటారు. మెక్సికోకు ఆనుకుని అమెరికాలో టెక్సాస్ అనే రాష్ట్రం ఉంది. అక్కడ పొద్దున్నే పనికి పోయేవాళ్ళు గుడ్డు పెట్టిన టాకోలు కొనుక్కుని దారిలో తింటారు. మన తెలుగు పిల్లలు అక్కడ చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఈ రొట్టె బాగా తెలుసు."

"కంచం అక్కర్లేదు. ఒక చేత్తో పట్టుకుని తినొచ్చు" అన్నది చిన్నకోడలు.

"ఇంకో సంగతి వినండి" అన్నది టీచరమ్మ. "మీరు రోజూ కోసే మిరపకాయ పుట్టిల్లు కూడా మెక్సికో దిక్కే. మొక్కజొన్న, టమాటా కూడా అటువైపువే. వేరుశనగ దక్షిణ అమెరికాది. సుమారు అయిదువందల ఏళ్ళ కిందట పోర్చుగీసువాళ్ళ ఓడలు మన దేశానికి వచ్చాయి. వాటి మీద మిరప వచ్చింది. అంతకు ముందు మన వాళ్ళు కారానికి మిరియాలు వాడేవాళ్ళు."

అందరూ ఆశ్చర్యపోయారు. గుంటూరు మిర్చి యార్డుకు పోయే కాయ ఇంత దూరం నుంచి వచ్చిందా!

"అయితే వాళ్ళ మిరపను మనం తీసుకున్నాం. రొట్టె మడిచే పద్ధతి కూడా తీసుకుందాం. రొట్టె మాత్రం మన జొన్నదే" అన్నది పెద్దమ్మ.

జొన్న రొట్టె చేద్దాం

ఇది నలుగురికి లెక్క. ఒక్కొక్కరికి రెండు రొట్టెలు. మొత్తం ఎనిమిది రొట్టెలు.

కావలసినవి:
జొన్న పిండి – అర కిలో
నీళ్ళు – 2 గ్లాసులు (సుమారు 400 మిల్లీలీటర్లు)
ఉప్పు – తగినంత
తట్టటానికి పొడి పిండి – కొంచెం

చేసే పద్ధతి:

1. నీళ్ళలో ఉప్పు వేసి తెర్లనివ్వాలి. పొయ్యి ఆపాలి. పిండి పోసి గరిటె కాడతో కలపాలి. మూత పెట్టి పది నిమిషాలు ఉంచాలి.

2. వేడి కొంచెం తగ్గాక పిండి బాగా పిసకాలి. అవసరమైతే కాస్త వేడినీళ్ళు చల్లుకోవాలి. పిండి మెత్తగా, పగుళ్ళు లేకుండా రావాలి.

3. ఎనిమిది ముద్దలు చెయ్యాలి. ముద్దల మీద తడిగుడ్డ కప్పాలి.

4. పీట మీద పొడి పిండి చల్లి, ముద్ద పెట్టి అరచేత్తో తట్టాలి. తిప్పుతూ తట్టితే గుండ్రంగా వస్తుంది. మడిచే రొట్టె కాబట్టి పలచగా ఉండాలి.

5. పెనం బాగా కాలాక రొట్టె వెయ్యాలి. పొడి పిండి అంటిన వైపు పైకి ఉండాలి. తడిగుడ్డతో పైన తుడవాలి. తడి ఆరగానే తిప్పాలి. రెండో వైపు కాలాక అంచులు గుడ్డతో అదమాలి. రొట్టె పొంగుతుంది.

6. కాలిన రొట్టెలను ఒకదాని మీద ఒకటి పేర్చి, శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టాలి. ఆవిరికి మెత్తబడతాయి.

వేడినీళ్ళు ఎందుకు? గోధుమ పిండికి సాగే గుణం ఉంది. జొన్న పిండికి అది లేదు. చన్నీళ్ళతో కలిపితే రొట్టె విరుగుతుంది. మరిగే నీళ్ళు పోస్తే పిండి కొంచెం ఉడుకుతుంది. జిగురు వస్తుంది. అప్పుడు రొట్టె మడిచినా విరగదు.

పాత పిండి కూడా రొట్టెకు రాదు. చేదు వస్తుంది. పదిహేను రోజులకు సరిపడా మాత్రమే మరపట్టించుకోవాలి.

తట్టటం రానివాళ్ళు దిగులు పడవద్దు. మొదటి రోజు రొట్టె విరుగుతుంది. విరిగిన రొట్టె కూడా రొట్టే. నాలుగో రోజుకు చెయ్యి తిరుగుతుంది.

లోపల పెట్టే కూరలు మూడు

మొదటిది: మునగాకు గుడ్డు పొరటు

గుడ్లు 4, ఉల్లిపాయలు 2, టమాటాలు 2, పచ్చిమిరపకాయలు 3, మునగాకు రెండు గుప్పెళ్ళు, నూనె 2 చెంచాలు, పసుపు, ఉప్పు.

నూనెలో ఉల్లి, మిర్చి వేయించాలి. కడిగిన మునగాకు వెయ్యాలి. టమాటా ముక్కలు, పసుపు, ఉప్పు వేసి అయిదు నిమిషాలు మగ్గనివ్వాలి. గుడ్లు కొట్టి పోసి కలుపుతూ ఉడికించాలి. తడి ఆరి పొడిపొడిగా రావాలి. తడి ఉంటే రొట్టె నానిపోతుంది.

మునగచెట్టు చాలా దొడ్లలో ఉంటుంది. మనం కాయలు కోసి ఆకు వదిలేస్తాం. ఆకులో ఇనుము ఉంది. ఎముకలకు బలమిచ్చే కాల్షియం మరీ ఎక్కువగా ఉంది.

రెండోది: అలసందల కూర

గుడ్డు తిననివాళ్ళకు ఇది మంచిది. పావుకిలో అలసందలు రాత్రే నానబెట్టాలి. వీటినే బొబ్బర్లు అంటారు. పొద్దున మెత్తగా ఉడికించాలి. గరిటెతో మెదపాలి. ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు తాలింపు పెట్టి ఉల్లిముక్కలు కలపాలి. అలసందలు లేకపోతే పెసలతో చెయ్యవచ్చు.

మూడోది: వేరుశనగ పొడి

పొద్దున ఏమాత్రం తీరిక లేనివాళ్ళకు ఇది. వంద గ్రాముల వేరుశనగ గుళ్ళు దోరగా వేయించాలి. నాలుగు ఎండుమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా దంచాలి. ఆదివారం దంచి డబ్బాలో పెట్టుకుంటే వారం ఉంటుంది. గుడ్డు కూర మీద కూడా చల్లుకోవచ్చు.

మడిచే పద్ధతి

రొట్టె మధ్యలో కూర పరవాలి. పైన పచ్చి ఉల్లిముక్కలు వెయ్యాలి. నిమ్మకాయ పిండాలి. రొట్టెను సగానికి మడవాలి. లేదా చాప చుట్టినట్టు చుట్టాలి. వేడిగా ఉన్నప్పుడే మడవాలి. చల్లారాక మడిస్తే విరుగుతుంది.

నిమ్మకాయ రుచికే కాదు. నిమ్మ పులుపు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టేట్టు చేస్తుంది. టీ దీనికి ఎదురు పనిచేస్తుంది. ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. అందుకని తిండితో కలిపి టీ తాగవద్దు. తిన్నాక ఒక గంట ఆగి తాగాలి. ఐరన్ మాత్ర కూడా టీతో వేసుకోకూడదు.

చేలోకి తీసుకుపోవాలంటే

ఒక రొట్టె ఇంట్లో తిని ఆటో ఎక్కండి. రెండోది చేలో తినండి. గుడ్డు కూర పెట్టిన రొట్టె పది గంటల లోపే తినేయాలి. ఎండకు గుడ్డు పాడవుతుంది. మధ్యాహ్నానికి దాచవద్దు.

రొట్టెను శుభ్రమైన గుడ్డలో చుట్టండి. పాత న్యూస్ పేపరులో చుట్టవద్దు. దాని సిరా తిండికి అంటుతుంది.

ముఖ్యమైన మాట ఇంకొకటి. మిరపకు, పత్తికి పురుగుమందులు కొడతారు. ఆ మందు మన చేతులకు అంటుతుంది. తినబోయే ముందు సబ్బుతో చేతులు బాగా కడుక్కోవాలి. ముఠాకు ఒక సబ్బు, ఒక బిందె నీళ్ళు చేలో ఉండాలి. ఇది అందరూ కలిసి రైతును అడగవలసిన సంగతి.

బలం ఎంత? లెక్క వేద్దాం

కండకు బలమిచ్చేవి మాంసకృత్తులు. పెద్ద వయసు ఆడమనిషికి రోజుకు సుమారు 46 గ్రాములు కావాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది.

రెండు జొన్న రొట్టెలు (120 గ్రాముల పిండి) – 12 గ్రాములు
ఒక గుడ్డు – 6 గ్రాములు
వేరుశనగ పొడి రెండు పెద్ద చెంచాలు (20 గ్రాములు) – 5 గ్రాములు
మొత్తం – 23 గ్రాములు

46లో సగం 23. రోజంతటికీ కావలసిన దాంట్లో సగం పొద్దున్నే కడుపులో పడింది!

ఇనుము సంగతి వేరు. ఆడవాళ్ళకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. ఈ రొట్టెల్లో, గుడ్డులో, పొడిలో కలిపి సుమారు 6 మిల్లీగ్రాములు వస్తాయి. అంటే అయిదో వంతు. మిగిలింది ఆకుకూరలు, పప్పులు, మాంసం, చేపల నుంచి రావాలి. రక్తం తక్కువ ఉన్నవాళ్ళు మాత్రలు వేసుకోవాలి. ఒక్క పూట తిండితో అంతా సరిపోదు. అయినా పొద్దున టీ నీళ్ళతో పోయే మనిషికీ, ఇది తిని పోయే మనిషికీ చాలా తేడా ఉంది.

"కుదరదమ్మా" అనే మాటలు

ఈ పాఠం చదివాక కొందరు ఏమంటారో తెలుసు.

"రేషను బియ్యం చవక. జొన్నలు కొనాలి కదా!"

నిజమే. రోజూ కుదరకపోతే వారానికి మూడు రోజులు చెయ్యండి. మిగిలిన రోజులు చద్దన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకుని, ఒక ఉడికిన గుడ్డో, గుప్పెడు వేరుశనగ గుళ్ళో తినండి. చద్దన్నం చిన్నతనం కాదు. ఖాళీ కడుపే ప్రమాదం.

"పొద్దున టైము యాడిది?"

రాత్రే కొంత పని చేసుకోవాలి. అలసందలు నానెయ్యాలి. ఆకు దూసి పెట్టుకోవాలి. పిండి కొలిచి పెట్టుకోవాలి. ఇంకో మాట. ఇంట్లో చేతులు రెండే లేవు. పెద్దపిల్లాడు ఉల్లిపాయలు తరగలేడా? ఇంటాయన పిండి పిసకలేడా?

"ఆడవాళ్ళం, అందరికన్నా ముందు ఎట్టా తింటాం?"

ముందు తినమని ఎవరూ చెప్పటం లేదు. అందరితో కలిసి తినండి. ఎనిమిది రొట్టెలు చేస్తే రెండు మీవి. ఆ రెండూ లెక్కలో ముందే తీసి పెట్టండి. మిగిలితే తినేది కాదు మీ వాటా.

ఆటో ఆగింది

పది రోజులు గడిచాయి. పొద్దున ఆరు గంటలు. ఆటో వచ్చి చిన్నకోడలి ఇంటి ముందు ఆగింది. హారను మోగింది.

చిన్నకోడలు గడప మీద కూర్చుని ఉంది. చేతిలో మడిచిన రొట్టె. సగం అయింది.

"రా అమ్మా, పొద్దెక్కుతోంది" అన్నాడు ఆటో అతను.

"రెండు నిమిషాలు ఆగన్నా. తిని ఎక్కుతా."

ఇంతకు ముందు ఆమె ఎప్పుడూ ఆ మాట అనలేదు. ఆటోలో పెద్దమ్మ నవ్వింది. "ఆగయ్యా! ఆ రెండు నిమిషాలకు నీ డీజిలు అయిపోదులే" అన్నది.

చిన్నకోడలు తినటం ముగించింది. చెయ్యి కడుక్కుంది. రెండో రొట్టె గుడ్డలో చుట్టుకుని ఎక్కింది.

"రొట్టె బాగా పొంగిందే! పిండి బాగా పిసికావు" అన్నది పెద్దమ్మ.

"నేను కాదు పెద్దమ్మా. మా ఆయన పిసికాడు. మొదటి రోజు ముద్ద చేతులకే అంటుకుంది. ఇప్పుడు కుదిరింది."

ఆటోలో అందరూ గొల్లున నవ్వారు. పెద్దమ్మ వెనక్కి తిరిగి అడిగింది.

"ఇయ్యాళ తిని వచ్చినవాళ్ళు చేతులెత్తండి."

తొమ్మిది చేతులు లేచాయి.

"ఇంకా ముగ్గురు ఉన్నారు" అన్నది పెద్దమ్మ. చిన్నకోడలు తన గుడ్డ మూట విప్పింది. ఉన్న రొట్టెను మూడు ముక్కలు చేసింది.

"ఇయ్యాళకు ఇది తినండి. రేపు మాత్రం మీ వాటా మీ ఇంట్లోనే తిని రండి" అన్నది.

కొత్త మాటలు

రక్తహీనత – రక్తంలో బలం తగ్గటం
మాంసకృత్తులు – కండకు బలమిచ్చేవి. పప్పులు, గుడ్లు, పాలు, మాంసంలో ఉంటాయి
హిమోగ్లోబిన్ – రక్తానికి ఎర్రదనం ఇచ్చేది
చిరుధాన్యాలు – జొన్న, సజ్జ, రాగి, కొర్ర వంటి గింజలు

జవాబులు రాయండి

1. చిన్నకోడలికి చేలో ఎందుకు కళ్ళు తిరిగాయి?
2. ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ ఎంత ఉండాలి?
3. జొన్న పిండిని వేడినీళ్ళతోనే ఎందుకు కలపాలి?
4. తిండితో పాటు టీ ఎందుకు తాగకూడదు? నిమ్మకాయ ఎందుకు పిండాలి?
5. చేలో తినే ముందు చేతులు ఎందుకు కడుక్కోవాలి?

లెక్క చెయ్యండి

1. నలుగురికి 8 రొట్టెలు కావాలి. ఆరుగురికి ఎన్ని కావాలి?
2. మీ ఊళ్ళో ధరలు అడిగి రాయండి.
అర కిలో జొన్నలు: ........ రూపాయలు
4 గుడ్లు: ........ రూపాయలు
ఉల్లి, టమాటా, నూనె: ........ రూపాయలు
మొత్తం: ........ రూపాయలు
దాన్ని 4తో భాగించండి. ఒక మనిషికి ఎంత పడింది?
3. మీరు నిన్న రాత్రి ఎన్ని గంటలకు తిన్నారు? ఇయ్యాళ మొదట ఎన్ని గంటలకు తిన్నారు? మధ్యలో ఎన్ని గంటలు?

కలిసి మాట్లాడుకోండి

మీ ఇంట్లో చివర తినేది ఎవరు? ఎందుకు? అది మారాలంటే ఇంట్లో ఎవరితో మాట్లాడాలి?

మీ ముఠాలో రక్తపరీక్ష చేయించుకోనివాళ్ళు ఎందరు? వాళ్ళ పేర్లు మీ చేత్తో రాయండి. ఒక రోజు అనుకుని, అందరూ కలిసి ఆసుపత్రికి పోయి రండి.